పుస్తకం ఎవరి దగ్గర ఉంది?

పిల్లలూ!

మీలో ఎవరైనా పుస్తకాల పడవను చూశారా? చూసి ఉండరు. నేనూ చూడలేదు. కాని మన కృష్ణా డెల్టాలో అటువంటి పడవ ఒకటి నిజంగానే తిరిగింది.

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడం 1855లో పూర్తి అయింది. అప్పటినుంచి నదికి రెండు పక్కలా కాలువలు సాగాయి. ఆ కాలువలు పొలాలకు నీళ్ళు పెట్టడమే గాక, మనుషులకు బాటలుగా కూడా పనికివచ్చాయి. నేను మీ అంత వాణ్ణిగా ఉన్న రోజుల్లో వాటి మీద పడవలు ఇంకా తిరుగుతూనే ఉండేవి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారు. ధాన్యం బస్తాలు, ఇటుకలు, కలప, ఇట్లా ఏవేవో వాటిమీద వెళ్ళేవి.

అంతకు చాలా ముందు, 1935లో, కృష్ణకు పడమటి వైపు కాలువ మీద ఒక వింత పడవ బయలుదేరింది. అందులో ధాన్యం లేదు, ఇటుకలు లేవు. ఉన్నవి పుస్తకాలు! గుంటూరు జిల్లా పెదపాలెం గ్రామానికి చెందిన పాతూరి నాగభూషణంగారు ఆ ఏర్పాటు చేశారు. గ్రంథాలయం దాకా రాలేని పల్లెవాళ్ళ దగ్గరకు గ్రంథాలయమే వెళ్ళాలని ఆయన ఉద్దేశం. కాలువ గట్టున ఉన్న ఊళ్ళ దగ్గర పడవ ఆగేది. జనం పుస్తకాలు తీసుకునేవారు.

ఇది ఎవరో ఒక్కరికి హఠాత్తుగా పుట్టిన ఆలోచన కాదు. 1914లోనే బెజవాడ రామమోహన గ్రంథాలయంలో పెద్దలు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికే తన జీవితాన్ని ధారపోశారు. ఆ గాలి వీచిన నేల గనకనే పుస్తకాలు పడవ ఎక్కాయి.

సరే, ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఆ పడవను మీకే అప్పగించారని అనుకోండి. రోజుకొక ఊరు చొప్పున ఎన్నో ఊళ్ళు తిరిగారు. ఊరూరా పుస్తకాలు ఇచ్చారు. నెల తరువాత ఒక పెద్దాయన వచ్చి, “అబ్బాయీ, పక్షుల పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?” అని అడిగాడు. మీరు ఏం చెబుతారు?

“చిట్టా పుస్తకం చూసి చెబుతాం” అంటారు. మంచిదే. కాని చిట్టాను నమ్ముకుని నేను ఒకసారి ఎంత పొరపాటు చేశానో మొదట వినండి.

పదో తరగతి కుర్రవాడు

ఇది ఇరవై ఏళ్ళ నాటి మాట. అప్పుడు నేను బందరు కాలువకు దగ్గరలో ఒక ఊళ్ళో హైస్కూలు హెడ్మాస్టర్ని. మా స్కూలు లైబ్రరీకి ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది. ఎవరైనా పుస్తకం తీసుకుంటే అందులో వాళ్ళ పేరు, పుస్తకం పేరు, తేదీ రాసేవాళ్ళం. తిరిగి ఇస్తే ఆ గీటును కొట్టివేసేవాళ్ళం.

వేసవి సెలవులకు ముందు పదో తరగతి కుర్రవాడొకడు టి. సి. కోసం వాళ్ళ నాన్నతో వచ్చాడు. గుమాస్తా రిజిస్టరు తిరగవేసి, “ఒక పుస్తకం ఇవ్వాలండీ” అన్నాడు. కుర్రవాడు, “ఇచ్చేశాను మాస్టారూ” అన్నాడు. నేను రిజిస్టరు చూశాను. వాడి పేరు స్పష్టంగా ఉంది, గీటు కొట్టిలేదు. “ఏరా, రిజిస్టరు అబద్ధం చెబుతుందా?” అన్నాను. వాడు తల వంచుకున్నాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఒక్క మాట మాట్లాడకుండా జేబులోంచి పుస్తకం ఖరీదు తీసి బల్ల మీద పెట్టి, కొడుకును తీసుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా ఆ పుస్తకం స్కూలుకు వచ్చింది. తెచ్చింది తొమ్మిదో తరగతి కుర్రవాడి అక్క. ఇంట్లో బీరువా సర్దుతుంటే దొరికిందట. ఆ తొమ్మిదో తరగతి వాడిదీ అదే పేరు, అదే ఇంటిపేరు! రిజిస్టరు అబద్ధం చెప్పలేదు. అది పేరు ఒక్కటే చెప్పింది. ఆ పేరు గల వాళ్ళు ఇద్దరున్నారని తెలుసుకోవలసినది నేను.

ఆ సాయంత్రమే సైకిలు వేసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళి డబ్బు ఇచ్చాను. “పొరపాటు నాదయ్యా” అన్నాను. “పోనీలెండి మాస్టారూ, దానికేముంది” అన్నాడు ఆ తండ్రి. కాని కుర్రవాడు నా ముఖం చూసి, “నేను దొంగను కానని మా క్లాసువాళ్ళకు ఎవరు చెబుతారండీ?” అని అడిగాడు. బడులు తెరిచిన రోజున ప్రార్థన సమయంలో అందరి ముందూ ఆ సంగతి చెప్పాను. కాని పదో తరగతి పిల్లలు అప్పటికే తలొక కాలేజీకి వెళ్ళిపోయారు. వినవలసిన వాళ్ళు అక్కడ లేరు.

అందుకనే రిటైరయ్యాక మా ఊరి గ్రంథాలయం చిట్టాను కంప్యూటరులో పెట్టే పని వచ్చినప్పుడు, నేనే నేర్చుకుని చేస్తానన్నాను. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు నాకు తోడు కూర్చుంది. ఆ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

ఒక చిట్టా కాదు, మూడు పట్టికలు

మా పాత రిజిస్టరులో తప్పు ఎక్కడ ఉంది? మనిషి, పుస్తకం, ఇచ్చిపుచ్చుకోవడం అనే మూడు వేరు వేరు సంగతులను ఒకే వరసలో కలిపి రాయడంలో ఉంది. వాటిని విడదీసి మూడు పట్టికలు చేద్దాం.

మొదటిది “పుస్తకాలు” అనే పట్టిక:
101 — పక్షుల పుస్తకం
102 — నక్షత్రాల పుస్తకం
103 — లెక్కల పొడుపుకథలు

రెండవది “సభ్యులు”:
7 — రాము, తొమ్మిదో తరగతి
12 — రాము, పదో తరగతి
15 — లక్ష్మి, ఎనిమిదో తరగతి

మూడవది “పద్దులు”. ఇందులో వరసగా పుస్తకం నంబరు, సభ్యుడి నంబరు, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ ఉంటాయి:
101 — 12 — జూలై 3 — జూలై 17
102 — 15 — జూలై 5 — (ఇంకా రాలేదు)
101 — 7 — జూలై 20 — (ఇంకా రాలేదు)

చూశారా! పద్దుల పట్టికలో ఒక్క పేరు కూడా లేదు. అన్నీ నంబర్లే. రాములు ఇద్దరున్నా ఫరవాలేదు. 7 వేరు, 12 వేరు. పక్షుల పుస్తకం పదో తరగతి రాము జూలై 17న తిరిగి ఇచ్చేశాడు. ఇప్పుడు అది తొమ్మిదో తరగతి రాము దగ్గర ఉంది. ఈ నంబర్లే మా స్కూల్లో ఉంటే, ఆ తండ్రి జేబులోంచి డబ్బు తీయవలసి వచ్చేది కాదు.

లైబ్రేరియన్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కొత్త పుస్తకం రాగానే దానికి యాక్సెషన్ నంబరు వేస్తారు. ఒకే పుస్తకం రెండు ప్రతులు వస్తే రెంటికీ వేరు వేరు నంబర్లు పడతాయి. ఏ వరసకు ఆ వరసను గుర్తు పట్టడానికి వాడే ఇటువంటి నంబరును కంప్యూటరు వాళ్ళు “ప్రైమరీ కీ” అంటారు. ఒక పట్టికలో ఆ నంబరు రెండుసార్లు రాకూడదు. దాన్నే ఇంకొక పట్టికలో, ఇక్కడ పద్దులలో లాగా, వాడుకుంటే “ఫారిన్ కీ” అంటారు. పరాయి పట్టిక తాళంచెవి అన్నమాట.

విడదీసి రాయడంలో ఇంకొక లాభం ఉంది. లక్ష్మి ఎనిమిది పాసై తొమ్మిదికి వెళ్ళిందనుకోండి. పాత రిజిస్టరులో అయితే ఆమె పేరున్న ప్రతి చోటా తరగతి మార్చాలి. ఒక్క చోట మరిచినా చిక్కే. ఇప్పుడు సభ్యుల పట్టికలో ఒక్క వరస మారిస్తే చాలు.

ఇట్లా పట్టికలుగా విడదీసి, నంబర్లతో ముడివేసి సమాచారాన్ని ఉంచే పద్ధతిని 1970లో ఎడ్గర్ కాడ్ అనే ఆయన ప్రతిపాదించాడు. ఆయన 1923లో ఇంగ్లండులో పుట్టాడు, గణితం చదివాడు, రెండవ ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు. తరువాత అమెరికా వెళ్ళి ఐ. బి. ఎం. కంపెనీలో చేరాడు. అంతకుముందు కంప్యూటర్లలో సమాచారాన్ని చెట్టు కొమ్మల్లాగానో, గొలుసుల్లాగానో కట్టి ఉంచేవారు. ఒక సంగతి కావాలంటే ఏ కొమ్మ పట్టుకుని ఎటు పాకాలో ప్రోగ్రాము రాసేవాడే చెప్పాలి. కొమ్మల అమరిక మారిస్తే ప్రోగ్రాములన్నీ తిరగరాయాలి. కాడ్ ఏమన్నాడంటే, “కావలసినదేమిటో చెబితే చాలు, దారి వెతుక్కోవడం యంత్రం పని” అన్నట్టుగా ఏర్పాటు ఉండాలన్నాడు.

పై తరగతుల్లో గణితంలో మీరు సమితులు, సంబంధాలు చదువుకుంటారు. కాడ్ తన పట్టికను ఆ గణిత శాస్త్రంలోని “సంబంధం”గా భావించాడు. అందువల్లనే దీనికి రిలేషనల్ డేటాబేస్ అని పేరు వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలో చాలా గొప్పదైన ట్యూరింగ్ బహుమానం ఆయనకు 1981లో ఇచ్చారు.

యంత్రాన్ని అడిగే భాష

పట్టికలు సిద్ధమైనవి. ఇక ప్రశ్న అడగడం ఎట్లా? అందుకు ఒక భాష ఉంది. అదే ఐ. బి. ఎం. కంపెనీలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు 1974లో దాన్ని లోకానికి తెలియజేశారు. మొదట దాని పేరు సీక్వెల్. ఇప్పుడు ఎస్‌క్యూఎల్ అంటున్నాము. తిరిగి రాని పుస్తకాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో అడగాలంటే ఇట్లా అడుగుతాము. (మన లిపిలో రాస్తున్నాను. యంత్రం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆజ్ఞల మాటలను ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి సుమా.)

సెలెక్ట్ సభ్యులు.పేరు, సభ్యులు.తరగతి, పుస్తకాలు.పేరు
ఫ్రమ్ పద్దులు
జాయిన్ సభ్యులు ఆన్ పద్దులు.సభ్యుడు = సభ్యులు.నంబరు
జాయిన్ పుస్తకాలు ఆన్ పద్దులు.పుస్తకం = పుస్తకాలు.నంబరు
వేర్ పద్దులు.వచ్చిన_తేదీ ఈజ్ నల్

భయపడకండి. మొదటి వరస ఏమేమి కావాలో చెబుతుంది. రెండవది ఎక్కడినుంచి మొదలు పెట్టాలో చెబుతుంది. జాయిన్ అంటే కలపడం. పద్దులో ఉన్న 7ను పట్టుకుని సభ్యులలో 7 ఎవరో చూడు, 101ని పట్టుకుని పుస్తకాలలో 101 ఏమిటో చూడు అని అర్థం. చివరిది షరతు.

“నల్” అనే మాట గమనించండి. నల్ అంటే సున్న కాదు. “ఆ గడిలో ఏమీ రాసిలేదు, ఇంకా తెలియదు” అని అర్థం. తెలియనిదాన్ని దేనితోనూ సమానం అనలేము గదా! అందుకే అక్కడ సమాన గుర్తు పెట్టకుండా “ఈజ్ నల్” అంటారు. సమాన గుర్తు పెడితే ఒక్క వరస కూడా రాదు. నేను మొదటి రోజు అదే చేసి, పుస్తకాలన్నీ తిరిగి వచ్చేశాయని సంబరపడ్డాను!

సరిగా అడిగితే జవాబు రెండు వరసలు వస్తుంది. లక్ష్మి, ఎనిమిదో తరగతి, నక్షత్రాల పుస్తకం. రాము, తొమ్మిదో తరగతి, పక్షుల పుస్తకం. వేళ్ళతో పైన పట్టికల మీద గీస్తూ మీరే సరిచూసుకోండి.

అలమారులో ఉన్న ఇంకొక లైబ్రరీ

ఇప్పుడొక తమాషా. కంప్యూటరు వాళ్ళు కూడా “లైబ్రరీ” అంటూ ఉంటారు. కాని అది పుస్తకాల లైబ్రరీ కాదు. మనకు పదే పదే అవసరమయ్యే పనులకు ఎవరో ముందుగానే రాసి, సరిచూసి, సిద్ధంగా ఉంచిన ఆజ్ఞల సముదాయం. ఎవరికి వాళ్ళు మళ్ళీ మొదటినుంచి రాసుకోనక్కరలేదు. తెచ్చి వాడుకోవడమే.

ఆ పేరు ఊరికే రాలేదు. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ అనే ఆచార్యుడి ఆధ్వర్యంలో ఎడ్‌శాక్ అనే కంప్యూటరు పని ప్రారంభించింది. దానికి ఆజ్ఞలను కాగితపు పట్టీల మీద బెజ్జాలు కొట్టి అందించేవారు. వర్గమూలం కట్టడం వంటి పనులు అందరికీ కావాలి గనక, డేవిడ్ వీలర్ మొదలైనవాళ్ళు అటువంటి వాటికి పట్టీలు తయారుచేసి ఒక అలమారులో వరసగా పెట్టారు. కావలసిన వాళ్ళు వచ్చి పట్టీ తీసుకుని, తమ పట్టీ మీదికి దాన్ని నకలు చేసుకుని, మళ్ళీ అలమారులో పెట్టేసేవారు. అంటే అది అచ్చంగా గ్రంథాలయమే!

మేము వాడిన లైబ్రరీ పేరు ఎస్‌క్యూలైట్3. ఇది పైథాన్ అనే కంప్యూటరు భాషతో పాటు 2006 నుంచి ఉచితంగానే వస్తున్నది. పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ అనే డచ్చి ఆయన తయారుచేసి 1991లో విడుదల చేశాడు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌ను రిచర్డ్ హిప్ అనే అమెరికను 2000లో రాశాడు. అది ఎంత చిన్నదంటే, మన పట్టికలన్నీ ఒకే ఒక ఫైలులో ఇమిడిపోతాయి. మీ ఇంట్లో అమ్మా నాన్నల సెల్‌ఫోనులో కూడా ఎస్‌క్యూలైట్ ఉంటుంది.

మరి లైబ్రరీ చేసే పని ఏమిటి? పైథాన్‌కు డేటాబేస్ భాష రాదు. డేటాబేస్‌కు పైథాన్ రాదు. ఇద్దరి మధ్య లైబ్రరీ దుబాసీలా నిలబడి, మన మాట అక్కడికీ, అక్కడి జవాబు ఇక్కడికీ చేరవేస్తుంది. పనిలో మెట్లు ఇవి:

1. “ఇంపోర్ట్” అనే మాటతో లైబ్రరీని పిలవాలి.
2. “కనెక్ట్” అని, మన ఫైలు పేరు చెప్పాలి. ఆ ఫైలు లేకపోతే కొత్తగా పుడుతుంది.
3. “ఎగ్జిక్యూట్” అని, ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని అందించాలి. పట్టికలు చేయడం, వరసలు చేర్చడం, ప్రశ్నలు అడగడం అన్నీ దీనితోనే.
4. మార్పులు చేసినట్టయితే “కమిట్” అనాలి.
5. చివరకు “క్లోజ్” అని మూసివేయాలి.

అయిదు మాటలే! కాని మూడవ మెట్టు మీదా, నాలుగవ మెట్టు మీదా కాలు జారేవాళ్ళు చాలామంది. ఆ రెండు సంగతులూ కాస్త నిదానంగా చెప్పుకుందాం.

కొంటె కుర్రవాడి చీటీ

ఒక బడిలో ఒక నౌకరు ఉన్నాడు. ఏ చీటీ ఇచ్చినా అందులో ఉన్నట్టే చేస్తాడు. అంతకు మించి ఆలోచించడు. హెడ్మాస్టరు ఒక చీటీ రాశారు: “............ అనే విద్యార్థి పేరు జాబితాలోంచి కొట్టివేయవలెను.” ఖాళీలో పేరు రాయమని ఒక కొంటె కుర్రవాడికి ఇచ్చారు. వాడు ఖాళీలో “రాము, లేక ఈ బడిలో చదివే ఎవరైనా” అని రాశాడు! ఇప్పుడు చీటీ చదవండి: “రాము, లేక ఈ బడిలో చదివే ఎవరైనా అనే విద్యార్థి పేరు జాబితాలోంచి కొట్టివేయవలెను.” నౌకరు జాబితా అంతా కొట్టివేశాడు.

డేటాబేస్ అచ్చంగా ఆ నౌకరు వంటిది. మనం వాక్యం సగం రాసి, ఎవరో కొట్టిన పేరును అందులో అతికించి పంపితే, ఆ పేరులో ఏముందో అదీ ఆజ్ఞలో భాగమైపోతుంది. పేరు తరువాత ఒక కొటేషను గుర్తు పెట్టి, “లేదా ఒకటి ఒకటికి సమానం” అని ఎస్‌క్యూఎల్ భాషలో చేర్చారనుకోండి. ఒకటి ఒకటికి ఎప్పుడూ సమానమే గదా! ఆ షరతు ప్రతి వరసకూ నిజమవుతుంది. పట్టిక అంతా తుడిచిపెట్టుకుపోతుంది. పెద్ద పెద్ద కార్యాలయాల రహస్యాలు కూడా ఈ మోసం వల్ల బయటికి పోయిన సందర్భాలున్నాయి.

దీనికి మందు లైబ్రరీలోనే ఉంది. వాక్యంలో పేరు రావలసిన చోట ఒక ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, పేరును విడిగా ఇవ్వాలి. అంటే ఆజ్ఞ ఒక కవరులో, పేరు ఇంకొక కవరులో అన్నమాట. రెండవ కవరులో ఏమున్నా దాన్ని డేటాబేస్ పేరుగానే చూస్తుంది గాని, ఆజ్ఞగా వినదు. “రాము, లేక ఎవరైనా” అనే విచిత్రమైన పేరుగల విద్యార్థి ఉన్నాడేమోనని వెతుకుతుంది. అటువంటివాడు లేడు గనక ఏమీ కొట్టివేయదు. కొంటె కుర్రవాడి ఆట కట్టింది!

మా మనవరాలు ఈ సంగతి విన్నాక, “ఎవరూ చెడ్డవాళ్ళు లేని చోట కూడా ప్రశ్నార్థకమే పెట్టాలా తాతయ్యా?” అని అడిగింది. పెట్టాలి. కొంతమంది పేర్లలో కొటేషను గుర్తు సహజంగానే ఉంటుంది. ఆ పేరు పెట్టుకోవడం వాళ్ళ తప్పు కాదు గదా!

లాకులో పడవ

మళ్ళీ మన కాలువకు వద్దాం. కాలువ నీటిమట్టం అంతటా ఒకటే ఉండదు. ఎత్తున ఉన్న నీటి నుంచి పల్లపు నీటికి పడవను దించడానికి లాకులు కట్టారు. పై తలుపు తీస్తే పడవ లాకులోకి వస్తుంది. పై తలుపు మూస్తారు. లోపలి నీటిని మెల్లగా కిందికి వదులుతారు. రెండు మట్టాలూ సమానమయ్యాక కింది తలుపు తీస్తారు. పడవ సాగిపోతుంది. మధ్యలో ఏదైనా అవాంతరం వస్తే నీటిని మళ్ళీ నింపి, పడవను పైకే పంపవచ్చు. పడవ పైన ఉండాలి, లేదా కింద ఉండాలి. సగం పైనా సగం కిందా ఉంటే మునిగిపోతుంది.

గ్రంథాలయంలో లక్ష్మి నక్షత్రాల పుస్తకం ఇచ్చేసి, పొడుపుకథల పుస్తకం తీసుకుందనుకోండి. మనం రెండు పనులు చేయాలి. పాత పద్దులో వచ్చిన తేదీ వేయాలి. కొత్త పద్దు రాయాలి. మొదటిది చేసి రెండవది చేయబోతుండగా కరెంటు పోయింది! అప్పుడు పొడుపుకథల పుస్తకం అరలోనూ ఉండదు, ఎవరి పద్దులోనూ ఉండదు.

ఇటువంటి చిక్కు రాకుండా రెండు పనులనూ ఒక “ట్రాన్సాక్షన్”గా కడతారు. అదే మన లాకు. రెండూ సరిగా జరిగాక మనం “కమిట్” అంటే కింది తలుపు తెరుచుకుంటుంది. అప్పుడే మార్పులు స్థిరమవుతాయి. మధ్యలో తప్పు జరిగితే “రోల్‌బ్యాక్” అంటే సరి, నీరు మళ్ళీ నిండి పడవ మొదటి చోటికే వెళుతుంది. కరెంటు పోయినా అంతే. మళ్ళీ ఫైలు తెరిచినప్పుడు కమిట్ కాని మార్పులు ఉండవు.

నేను ఒకనాడు సాయంత్రం దాకా కూర్చుని నలభై పుస్తకాలు ఎక్కించి, కమిట్ అనకుండా మూసివేశాను. తెల్లవారి చూస్తే ఒక్కటీ లేదు. యంత్రం మీద కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే, “అయింది” అని నేను చెప్పనిది అయినట్టు అదెట్లా అనుకుంటుంది?

ఇంకొక పొరపాటు కూడా చెప్పాలి. 15 అనే సభ్యుడి నంబరుకు బదులు 51 కొట్టాను. మాకు 51వ సభ్యుడు లేడు. అయినా ఎస్‌క్యూలైట్ పద్దు తీసుకుంది. ఫారిన్ కీ సరిచూడమని పట్టిక చేసేటప్పుడు రాసినా, మామూలుగా ఎస్‌క్యూలైట్ ఆ తనిఖీ చేయదు. కనెక్ట్ చేసిన ప్రతిసారీ “ప్రాగ్మా” అనే ఒక ఆజ్ఞతో ఆ తనిఖీని మేలుకొలపాలి. అది తెలిశాక, లేని సభ్యుడికి పుస్తకం రాయబోతే యంత్రం ఒప్పుకోవడం మానేసింది.

యంత్రానికి తెలియనిది

పెద్దలకు కూడా ఈ సంగతులు అవసరమే. 1998లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషను కార్యాలయాలకు “కార్డ్” అనే కంప్యూటరు ఏర్పాటు వచ్చింది. ఇవాళ రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, మీ పరీక్ష మార్కులు, అన్నిటికీ వెనక ఇటువంటి పట్టికలే ఉంటున్నాయి. ఎక్కడో ఒక గుమాస్తా పట్టిక చూసి, “మీ పేరు లేదండీ” అంటే, లేక “మీరు బాకీ ఉన్నారండీ” అంటే, ఒక మనిషి ఉత్త చేతులతో ఇంటికి తిరిగి వెళ్ళవలసి వస్తుంది.

లైబ్రరీ ఎంత బాగా రాసినదైనా, 12 అని రాయవలసిన చోట మనం 7 అని రాస్తే, ఆ ఇద్దరు సభ్యులూ ఉన్నవాళ్ళే గనక, యంత్రం ఆ తప్పు పట్టుకోలేదు. అందుచేత మా ఊరి గ్రంథాలయంలో ఒక నియమం పెట్టుకున్నాము. పట్టిక ఒకటి చెప్పి మనిషి ఇంకొకటి చెబితే, డబ్బు అడగక ముందే అరలు వెతుకుతాము, పద్దు రాసినవాళ్ళను అడుగుతాము, ఆ పేరుగలవాళ్ళు ఇంకెవరున్నారో చూస్తాము. కిందటి వేసవిలో ఒక పిల్ల, “నేను ఇచ్చేశానండీ” అన్నది. వెతికితే పుస్తకం వేరే అరలో దొరికింది. పద్దులో వచ్చిన తేదీ వేయడం నేనే మరిచాను.

మీ ఇంట్లోనో బడిలోనో ఉన్న పుస్తకాలతో మీరు కూడా మూడు పట్టికలు చేసి చూడండి. కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు, మూడు నోటుపుస్తకాలు చాలు. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు, ప్రతి స్నేహితుడికీ ఒక నంబరు వేయండి. కంప్యూటరు ఉంటే, పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని పైన చెప్పిన అయిదు మెట్లూ ఎక్కండి.

చివరగా రెండు చిన్న ప్రశ్నలు. లక్ష్మి ఇంకా పుస్తకం మార్చుకోలేదనుకుని, మొదట ఇచ్చిన మూడు పట్టికలను మాత్రమే చూసి జవాబు చెప్పండి.

1. ఇంతవరకు ఎవరూ తీసుకోని పుస్తకం ఏది?
2. ఒకటి కంటె ఎక్కువసార్లు బయటికి వెళ్ళిన పుస్తకం ఏది? అది ఎవరెవరి దగ్గరకు వెళ్ళింది?

జవాబులు: 1. లెక్కల పొడుపుకథలు. 103 అనే నంబరు పద్దులలో ఎక్కడా లేదు. 2. పక్షుల పుస్తకం. మొదట పదో తరగతి రాము దగ్గరకు, తరువాత తొమ్మిదో తరగతి రాము దగ్గరకు వెళ్ళింది. రెండవ ప్రశ్నకు మీరు “రాము దగ్గరకు” అని మాత్రమే రాసి ఉంటే, నేను చేసిన పొరపాటే మీరూ చేశారన్నమాట. పట్టికలు ఇంకొకసారి చూడండి.